నువ్వు పుట్టిననాటి గాలి

మరోదా, భిలాయ్.

చిన్నాన్నా,

మనసు నిలవక రాస్తున్నాను. నువ్వు పుట్టిన తుఫానునాడు నానమ్మ పురిటికని పూరీలో, పుట్టింట్లో ఉంది. అక్కడ గాలి ఒడ్డుకే కొట్టింది కాబట్టి ఏ పడవైనా ఒడ్డు చేరేదేనని, కళింగపట్నంలో వేటకెళ్లిన తాత కావాలనే తిరిగి రాలేదని ఇన్నేళ్లూ తిట్టింది.

పాత వాయుపీడనం లెక్కలను బట్టి అప్పటి గాలులు ఎటు వీచాయో తేల్చడమే కాలేజీలో నా పని. ఆ రోజు పీడనం అన్నిటికన్నా ఎక్కువగా పడిపోయింది ఆ రెండూళ్ల మధ్యనున్న గోపాల్‌పూర్‌లో. తుఫాను అక్కడే తీరం దాటింది. తుఫాను గాలి సుడి తిరుగుతుంది కనుక దానికి ఆ పక్కా ఈ పక్కా ఎదురు దిక్కుల్లో వీస్తుంది. అందుకే పూరీలో ఒడ్డుకి కొట్టిన గాలి, కళింగపట్నంలో పడవలను సముద్రంలోకి తోసేసింది.

పొద్దున్న ఉండబట్టలేక నానమ్మకి చెప్పేశాను. బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది.

"అయితే ఇన్నేళ్లూ నాను ఎవుల్ని తిట్టినానే?" అంది.

అప్పటినుంచీ గుమ్మం వదలడం లేదు. నీది అచ్చం తాత మొహమేనని మొదటిసారి అంది. వెంటనే వచ్చి కనబడు, చిన్నాన్నా. ఇక్కడి పవర్ హౌస్ రైల్వే స్టేషన్‌కి నేనొస్తాను.

నీ అన్న కూతురు