చెయ్యి బాగానే ఉందట

చి. బుల్లికి అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం బాగున్నామని రాయాలి కనుక రాస్తున్నాను. ఎంత బాగున్నామో చదివాక నువ్వే చెప్పు. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ ఉండగా ఇంత ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోన్లో చెబితే మీ నాన్న పక్క గదిలోంచి వింటారు.

నాన్నకి వికలాంగుల పింఛను ఏమైందని అడిగావు. ఏమవుతుంది, నా చెప్పులు అరిగాయి. దరఖాస్తు పెట్టాక ఇంటికొచ్చి పరీక్షిస్తామన్నారు. ఆ అధికారి వచ్చే రోజు మీ నాన్న పొద్దున్నే నాచేత గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడిగించుకున్నారు. పెళ్లిచూపులకైనా అంత ముస్తాబు కాలేదు. అధికారి గుమ్మంలోకి రాగానే మీ నాన్న గోడ పట్టుకుని లేచి, తన కుర్చీ చూపించారు. "కూర్చోండి సార్, నాకేం పర్వాలేదు" అన్నారు. నా ప్రాణం ఉసూరుమంది.

ఆ పెద్దమనిషి కాగితం ఇచ్చి పేరు రాయమన్నాడు. ఊళ్లో సగం దుకాణాలకు బోర్డులు రాసిన చెయ్యి కదా, ఊరుకుంటుందా? వంకరగా గీకితే ఈయన సొమ్మేం పోయేది? ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, పళ్లు బిగబట్టి, అచ్చు పోసినట్టు రాశారు. అధికారి మురిసిపోయి వెళ్లాడు. ఆ తర్వాత ఆ చెయ్యి చెంచా కూడా పట్టలేదు. కొన్నాళ్లకు జవాబొచ్చింది: చెయ్యి బాగానే ఉంది, అర్హత లేదు. నేను దెబ్బలాడితే, ఇంటికొచ్చిన మనిషి ముందు చేతకానివాణ్ణని ఏడవమంటావా అన్నారు. ఈయనతో చెప్పుకోవడం కంటే గోడతో చెప్పుకోవడం నయం.

అప్పీలు చేశాం. లేవలేనివాళ్ల కోసం పెట్టిన ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు పాడైంది. ఎందుకు బాగుచేయించలేదంటే, లిఫ్టు మా శాఖ కిందికి రాదన్నాడు బంట్రోతు. బోర్డులకు నాన్న రంగులు కొనే పెయింట్ల దుకాణం యజమానీ, అతని డ్రైవరూ మీ నాన్నని కుర్చీతో సహా మోసుకెళ్లారు. వాళ్లు మోస్తున్నంతసేపూ ఈయనది ఆఫీసు బోర్డులో ఉన్న అక్షరదోషం గురించే గొడవ.

ఇప్పుడు నీకు చెప్పడానికి నోరు రాని సంగతి. బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న డాక్టరమ్మ, ఈయన పనులు ఎవరు చేస్తారని అడిగింది. మీ నాన్న షరా మామూలుగా పర్వాలేదనబోయారు. నేను అడ్డం పడ్డాను. బొత్తాలు పెట్టడం, స్నానం, ముద్ద నోట్లో పెట్టడం, చివరికి మరుగుదొడ్డి సంగతి, పక్క తడిసిన రాత్రుల సంగతి కూడా, ఆయన ఎదుటే, పరాయివాళ్లకు గడగడా చెప్పేశాను. చెప్తున్నకొద్దీ ఆయన తల కిందికి దిగిపోయింది. నడిబజార్లో ఆయన బట్టలు నా చేతులతో నేనే విప్పినట్టయింది తల్లీ. ఆపుదామనుకున్నాను, ఆపలేదు.

నేను ఊరుకున్నాక ఆయన తలెత్తారు.

"ఈవిడ నా గురించి చెప్పింది గానీ తన గురించి చెప్పలేదు. రాత్రంతా నన్ను అటూ ఇటూ తిప్పి పడుకోబెడుతుంది. పొద్దున్నకి నడుం పట్టేసి, మంచం కోడు పట్టుకుని లేస్తుంది. నేను నిద్రలో ఉన్నాననుకుంటుంది. అది కూడా రాసుకోండమ్మా" అన్నారు.

అప్పుడు చెప్పింది డాక్టరమ్మ, చూసుకునే మనిషికి కూడా విడిగా భత్యం ఉందని. ఇన్నాళ్లూ వాళ్ల చుట్టూ తిరిగాను, ఒక్కరైనా చెప్పి చావలేదు. మొత్తానికి రెండూ మంజూరయ్యాయి. సంతోషపడేలోపే మరో మెలిక: ఏడాది పోయాక మళ్లీ పరీక్షిస్తారట, జబ్బు తగ్గిందేమోనని. ఇది తగ్గేది కాదని, ముదిరి గొంతుదాకా వస్తుందని ఆ డాక్టరమ్మే రాసింది. మీ నాన్న నవ్వి, అప్పటికి నేనుంటే నిక్షేపంగా వచ్చి చూసుకోమను అన్నారు. నాకు నవ్వు రాలేదు.

నరాల బలహీనత అని నీతో అంటూ వచ్చాం. ఆయన చెప్పొద్దన్నారు. ఇప్పుడు మాట ముద్దముద్దగా వస్తోంది, అందుకే ఫోన్ దగ్గరికి రావడం లేదు. సెలవు దొరికితే వస్తానని రాశావు. సెలవు కోసం ఆగకు. ఆయన మాట మనకి అర్థమయ్యేలా ఉండగానే వచ్చి, నాలుగు మాటలు మాట్లాడించి వెళ్లు.

ఇట్లు,
నీ దారి చూస్తుండే
అమ్మ