కయాక్‌లో నీ కాళ్ల కొలత

చిన్నా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఏడాదిగా మిరపకాయలు ఆరబోసే పట్టా కింద ఉన్న నీ కయాక్ పడవను ఈ పొద్దున నీ చెల్లెలు వాడరేవు తీరానికి తీసుకెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. సముద్రం నిన్ను ఏనాడూ ఏమీ చేయలేదు. నిన్ను తీసుకుపోయింది చిలకలూరిపేట రోడ్డు మీద లారీ. అందుకే వద్దనలేకపోయాను.

ఆ సన్నటి పడవలో కూర్చుని కాళ్లు చాపితే, పాదాలు ఆనించే పెడళ్లు చెల్లెలికి అందలేదు. అవి నీ కొలతకే ఉన్నాయి.

"అన్నవి కొంగ కాళ్లమ్మా. వీటిని దగ్గరికి జరపాలి" అంది.

"జరపమాక. అట్టాగే పో" అన్నాను.

"కాళ్లు ఆనకపోతే అలకి తిరగబడిద్దమ్మా."

నువ్వూ అదే చెప్పేవాడివి, పడవను నిలబెట్టేది చేతులు కాదు, కాళ్లూ నడుమూ అని.

దాన్ని దిగమని, నేనే వంగి లోపలికి చెయ్యి పెట్టాను. పెడళ్ల సందుల్లో నువ్వు తెచ్చిన ఇసుక ఇంకా ఉంది. రెండింటినీ వెనక్కి లాగాను. టక్కుమని కదిలాయి.

చెల్లెలు చక్కగా పోయి వచ్చింది. ఇప్పుడు వాటిని మళ్లీ ముందుకు తోయమంటే, నువ్వు కాళ్లు ఎందాకా చాపేవాడివో నాకు తెలియదు నాయనా.

అమ్మ