నిశ్శబ్దం పాటించండి

సెప్టెంబర్ 23, సోమవారం

ఈసారీ టికెట్లు అమ్ముడుపోలేదు. నమ్వోన్ హాల్లో పాడింది గురువుగారు, విన్నది ఆవిడ చుట్టాలు. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే ఆవిడ పిల్లలకి పాట నేర్పే పాట ఇల్లు మూసెయ్యాల్సిందే. పిల్లలు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోతారు. ఒక్క డోలు తోడుగా నిలబడి, పూటంతా ఒంటి గొంతుతో కథ నడిపించగల మనిషి ఈ ఊళ్లో మా గురువుగారు ఇమ్ బోక్సున్ తప్ప ఇంకెవరూ లేరు. ఆవిడకి డెబ్బై దాటాయి. ఆ పాటకి ప్రచారం చెయ్యడం నా ఉద్యోగం. ఏం చేసి ఏం లాభం? ఏడుపొస్తోంది.

సెప్టెంబర్ 26

సియోల్ ఫౌండేషన్ ఒప్పుకుంది. రెండు ప్రదర్శనలు చూస్తారట. నచ్చితే పాట ఇంటిని వాళ్లే పోషిస్తారట. వాళ్ల మేనేజర్ ప్యో గారికి ఒకటే బెంగ. మీ జనం సంతలోలా కేకలేస్తారట కదా, మా చైర్మన్ గారు వియన్నాలో ఒపెరాలు చూసిన మనిషి అన్నాడు. ఆ సంగతి నాకొదిలెయ్యండి అన్నాను.

సెప్టెంబర్ 30

ఆహ్వానాలు అచ్చయి వచ్చాయి. మీగడ రంగు కాగితం, సన్నటి అక్షరాలు. అడుగున లైను నేనే రాశాను: ప్రదర్శన ముగిసేవరకు నిశ్శబ్దం పాటించండి. క్లాస్‌గా ఉంది.

మా పాట వింటూ జనం ఊరికే కూర్చోరు. మంచి చోట ఒల్సిగూ అని కేకేస్తారు, భళా అన్నట్టు. డోలు వాయించే తాక్ తాత కాగితం తిప్పి తిప్పి చూశాడు. ఏమే మ్యోంగ్జూ, మనవైపు చావింట్లో కూడా పేకాటా నవ్వులూ ఉంటాయి కదే, ఇదేం కచేరీ అన్నాడు. తాతకి బ్రాండింగ్ గురించి ఏం తెలుసు.

అక్టోబర్ 5, శనివారం సాయంత్రం

అందరూ వచ్చారు. సూట్లు, ముత్యాల దండలు. ఒక్కరూ దగ్గలేదు.

కథలో ఆకలి ఘట్టం రాగానే గురువుగారు విసనకర్ర టప్పున విప్పి ఆగారు. అక్కడ హాలు హోరెత్తాలి. ఆవిడ ఎదురుచూశారు. తాత ఒక్కడే కేకేశాడు. మళ్లీ ఇంకోచోట ఆగారు. మళ్లీ అంతే. ఆ కేకలందుకునే ఆవిడ ఊపిరి తీసుకుంటారు. నాకు తెలుసు. తెలిసే ఆ లైను రాశాను.

ఆవిడ గొంతు జీరబోయింది. కథ సగంలో ఆపేసి, వంగి నమస్కారం చేసి లోపలికెళ్లిపోయారు. వాళ్లు అదే ముగింపనుకున్నారు. లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు.

అక్టోబర్ 6

ప్యో ఫోన్. చైర్మన్ గారికి తెగ నచ్చేసిందట. ఎంత హుందాగా ఉంది, నిడివి కూడా భేష్ అన్నారట. రెండోదీ అచ్చం ఇలాగే కానిచ్చెయ్యండి మేడమ్, సంతకాలు అక్కడే అన్నాడు.

గురువుగారికి చెప్పాను. వెల్లుల్లి వలుస్తున్నారు, తలెత్తలేదు. చిన్నప్పుడు జలపాతం ముందు సాధన చేశానే పిల్లా, అదైనా బదులుగా హోరుమనేది అన్నారు. పిల్లల కోసం ఈ ఒక్కసారికి వస్తాను, ఆ తర్వాత నన్ను పాడమనకు అన్నారు.

అక్టోబర్ 11

ఆవిడ పాడకపోతే ఆ ఇంట్లో నేర్పేదెవరు? ప్యోకి మూడుసార్లు ఫోన్ చేశాను, ఆ లైను తీసేద్దామని. కుదరదని పేషెంటుకి చెప్పినట్టు చెప్పాడు.

అక్టోబర్ 19

రాత్రే రాసేస్తున్నాను.

అదే జనం, అదే మీగడ రంగు కాగితం. విసనకర్ర విప్పి గురువుగారు ఆగారు. వెనక వరసలోంచి లేచి ఒల్సిగూ అని అరిచాను. హాలంతా నా వైపు తిరిగింది. ప్యో పరిగెత్తుకొచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు. మీకేమైనా మతి పోయిందా మేడమ్, ముందు కూర్చోండి అని పళ్లు నూరాడు. ఇంకోసారి అరిచాను.

ఎవరైనా నాతో గొంతు కలుపుతారనుకున్నాను. ఒక్కరంటే ఒక్కరు కలపలేదు. విరామంలో చైర్మన్ గారు వెళ్లిపోయారు. ఆయన వెనకే సగం హాలు. సిగ్గుతో చచ్చిపోయాను.

గురువుగారు మాత్రం తిరిగి వేదికెక్కారు. ఆవిడ ఆగిన ప్రతిచోటా అరిచాను. ఈసారి కథ చివరిదాకా పాడారు.

అక్టోబర్ 20

ఒప్పందం లేదు. ప్యో ఫోన్లో ఆ ముక్క చెప్పి పెట్టేశాడు. రాత్రి అరుపులకి నా గొంతు పూర్తిగా పోయింది, సారీ కూడా చెప్పలేకపోయాను.

గొంతుకి మంచిదని గురువుగారు తేనెలో ఉడికించిన బేరిపండు తెచ్చి, తినేదాకా ఎదురుగా కూర్చున్నారు. ఇన్నేళ్లు నా పాట అమ్మావు, కేక ఎక్కడ వెయ్యాలో తెలీదు, ప్రతిసారీ తాళం కంటే ముందే దూకావు అన్నారు. రేప్పొద్దున వచ్చి తాత డోలు పక్కన కూర్చో అన్నారు.

ఇల్లు ఎన్నాళ్లుంటుందని అడగబోయాను. నోట్లోంచి గాలి వచ్చింది, అంతే.