పేరుకి జవాబు

అమ్మకి డెల్ఫీన్ ముద్దులతో రాసేది. అమ్మమ్మ మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, మిగతా అందరం బాగున్నాం. చెల్లి జొనెల్ ఊపిరి మందు ఆగిందా అని అడిగావు. ఆగలేదు. సర్కారు ఇచ్చే మందుల కార్డు వేరు, ఆగిపోయిన తిండి కార్డు వేరు. నీ దగ్గు తగ్గకపోతే జైలు డాక్టరుకి చీటీ పెట్టు, మొహమాటపడకు. ఆదివారం చర్చిలో పాస్టరు లోపలున్నవాళ్ళ పేర్లు చదివినప్పుడు నీ పేరుకి "ఉంది" అని నేను జవాబు చెబుతున్నానా అని కూడా అడిగావు. అది చివర్లో చెబుతాను.

శనివారాలు, డబ్బులేసి బట్టలు ఉతుక్కునే లాండ్రీ షాపులో జనానికి ఈ కార్డుల రూల్స్ విప్పి చెబుతున్నాను. మొన్న బోర్డు మీద బొమ్మలు గీస్తుంటే మిస్ ఒజెల్లా, "కాలేజీ పిల్లా, నా దుప్పట్లు ఆరేలోపు తేల్చు" అంది. తిండి కార్డు ఫారంలో 'ఇంట్లో ఎందరు' అంటే కలిసి వండుకు తినేవాళ్ళే, జైల్లో ఉన్నవాళ్ళు లెక్కలోకి రారు అన్నాను.

"మా అబ్బాయి డెనార్డ్ జైల్లో ఉన్నా, రోజూ వాడికి కంచం పెడతా. వాడు లేడంటావా?" అంది ఒజెల్లా.

"అతనికి జైలువాళ్ళు తిండి పెడుతున్నారు కదా."

"పెడుతున్నారట. నువ్వు తిని చూశావా?"

అందరూ నవ్వారు. లోపలున్నవాళ్ళ పేర్లు ఎవరెవరు రాశారని అడిగాను. పద్నాలుగు మందిలో పదకొండు చేతులు లేచాయి, కొన్నిటికి ఇంకా సబ్బు తడి ఉంది. ఒకరికొకరు చెప్పుకోకుండానే అందరిదీ ఒకే తప్పు. కాలేజీలో శాతాలుగా చదివింది అక్కడ చేతులై లేచింది.

అప్పుడు నా చెయ్యి కూడా ఎత్తాను. అవునమ్మా, మన ఫారంలో నీ పేరు రాసింది నేనే. అప్పటికి ఆ రూలు నాకూ తెలియదు. మన తిండి కార్డు ఆపేసి, అబద్ధం రాశారంటూ విచారణకి పిలిచారు. ఆ దెబ్బకే ఈ శనివారాలు మొదలుపెట్టాను.

మంగళవారం విచారణకి ఆ పదకొండు మందీ, అందరూ మన చర్చివాళ్ళే, చర్చి బట్టల్లో వచ్చి మా వెనక కూర్చున్నారు. అధికారి ఫారం తీసి నీ పేరు, "వెర్లిన్ పెట్‌వే" అని చదివాడు. అమ్మమ్మ అలవాటు కొద్దీ లేచి "ఉంది" అనేసింది. మా పని అయిపోయిందనుకున్నాను. అంతలో వెనక పదకొండు గొంతులూ "ఉంది" అన్నాయి. అధికారి కళ్ళజోడు తీశాడు. మా ఆదివారం పద్ధతి చెప్పాను. ఇంట్లో తినేది ముగ్గురమే అని కూడా చెప్పాను. ఆయన అందరినీ చూసి, మోసం కాదు, పొరపాటు అని రాసుకున్నాడు. వచ్చే నెల నుంచి కార్డు మళ్ళీ వస్తుంది.

ఇక నువ్వడిగిన మాట. రెండేళ్ళలో ఒక్క ఆదివారం కూడా నీ పేరుకి నేను జవాబు చెప్పలేదమ్మా. సిగ్గు. కాగితం మీద రాయగలిగాను కానీ, పదిమందిలో అనలేకపోయాను. మంగళవారం ఆ గొంతులన్నీ ఆగాక, చివర ఒక్క "ఉంది" వినబడింది. అది నాది.

ఇట్లు,
నీ పేరు పలకడం ఇప్పుడే నేర్చుకుంటున్న పెద్దకూతురు,
డెల్ఫీన్