బైండింగ్ గది తలుపు

మార్చి 3, సోమవారం

మా ప్రభుత్వ గ్రంథాలయం కట్టి వందేళ్ళు దాటింది. చదివేవాళ్ళు కరువు, దయ్యాలకు మాత్రం గిరాకీ. ఆదివారాలు హెరిటేజ్ వాక్ పెడదాం, ఈ బిల్డింగ్ మీద ఎవరికి ఏ దయ్యం కథ తెలిస్తే అది చెప్పండి అన్నాడు కొత్త డైరెక్టర్. మేడ మీద పచార్లు చేసే జడ్జి, మెట్ల కింద ఏడ్చే టైపిస్టు... అందరూ అరిగిపోయిన రికార్డులే వేశారు.

నేను అక్కడికక్కడే ఒకటి అల్లాను. బైండింగ్ గదిలో ముసలి బైండరు. రిటైరైన రోజు ఇంటికి పోనని మొండికేసి ఆ గదిలోనే ప్రాణం విడిచాడు. ఇప్పటికీ దగ్గుతూ పుస్తకాలు కుడుతుంటాడు. ఒక్కోసారి లోపలి నుంచి తలుపు కొడతాడు. తియ్యకూడదు. తీస్తే మన వెంట ఇంటికొచ్చేస్తాడు.

డైరెక్టర్‌కి ఒళ్ళు జలదరించిందట. వాక్ నువ్వే నడిపించు, హిట్టయితే నీ పర్మనెంట్ ఫైలు నేను కదిలిస్తాను అన్నాడు. ఏళ్ళ తరబడి కాంట్రాక్ట్ మీద ఈడుస్తున్న ప్రాణం నాది. దయ్యమైతే నాకేం, దేవుడైతే నాకేం.

వాచ్‌మన్ ఒక్కడే నా వైపు అదోలా చూశాడు. ఆ బైండరెవరో వాడికి తెలుసు. మా మామగారు. నిక్షేపంలా బతికే ఉన్నారు. రిటైరయ్యాక కూడా రోజూ నాతోపాటే బస్సెక్కి వచ్చి, ఆ గదిలోనే కూర్చుని, చిరిగిన పుస్తకాలు పైసా తీసుకోకుండా కుట్టిపెడుతుంటారు.

మార్చి 4

ఈ ఉద్యోగం నాకు ఇప్పించింది కూడా ఆయనే. ఏరు దాటి తెప్ప తగలేస్తావా అని వాచ్‌మన్ గొణిగాడు. ఏరు ఇంకా దాటితేగా!

మార్చి 9, ఆదివారం

మొదటి వాక్. చచ్చినవాడు జనం ముందు కళ్ళజోడు తుడుచుకుంటూ తిరిగితే కథేం కావాలి? గదిలోంచి కదలొద్దని మామగారికి చెప్పాను. లైటు వేసుకోవచ్చా అని అడిగారు. తలుపు కింద సందులోంచి కనబడుతుంది, వద్దన్నాను. సరేలేమ్మా, కుట్టుకి చేతులు చాలు, కళ్ళతో పనేముంది అన్నారు.

నేను కథ సగంలో ఉండగా ఆయన దగ్గారు. జనం కెవ్వుమన్నారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని వదలదు. ఒక కుర్రాడు తలుపు పిడి మీద చెయ్యి వేశాడు కూడా. వచ్చే వారం నుంచి తాళం వెయ్యాలి.

సాయంత్రం ఇంట్లో మామగారు ఒకటే నవ్వు. బతికున్నన్నాళ్ళూ నా మాట విన్నవాడు లేడురా, చచ్చాక ఇంతమంది చెవులు రిక్కించారు అని మా ఆయనకి చెప్పారు. మా ఆయన నవ్వలేదు. నన్ను చూశాడు.

మార్చి 12

మామగారి దగ్గు ముదిరింది. ఆ గదిలో దుమ్ము, చీకటి, జిగురు కంపు. మా ఆయన సిరప్ తెచ్చాడు.

మార్చి 14

రెండు రోజులు తాగేసరికి దగ్గు సగానికి తగ్గింది! ఆదివారం వాక్‌కి ఒక్క టికెట్టు మిగల్లేదట. పైగా హెడ్డాఫీసు నుంచి ఎవరో వస్తున్నారట. ఆ దగ్గు మాత్రం ఉండాల్సిందే, ఎట్లా చేస్తావో ఏమో అన్నాడు డైరెక్టర్.

సిరప్ సీసా వంటింట్లో పాత డబ్బాల వెనక దాచాను. మా ఆయన ఇల్లంతా వెతికి నా మీద విరుచుకుపడ్డాడు. అమ్మాయినేం అనకురా, మతిమరుపుతో నేనే ఎక్కడో పెట్టుంటాను అన్నారు మామగారు.

నేను దాస్తుంటే గుమ్మంలో నిలబడి చూసిన మనిషి ఆయన. అంత మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మార్చి 15

దగ్గు బ్రహ్మాండంగా ఉంది.

మార్చి 16, ఆదివారం. ఆస్పత్రి వరండా

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

ఆయన్ని లోపల కూర్చోబెట్టి తాళం వేశాను. తాళంచెవి నా బ్యాగులో. హెడ్డాఫీసు ఆయన ముందు వరసలో నిలబడ్డాడు. కథ మొదలుపెట్టానో లేదో లోపల దగ్గు అందుకుంది. ఆగలేదు. తర్వాత తలుపు కొట్టారు. నాకు కావాల్సింది దగ్గు ఒక్కటే. కొట్టమని చెప్పలేదు. అమ్మాయ్, ఊపిరి ఆడట్లేదు, తలుపు తియ్యమ్మా అన్నారు.

జనం చప్పట్లు కొట్టారు. హెడ్డాఫీసు ఆయన మురిసిపోయి, తీసి చూద్దామా అని అడిగాడు. నాకు తెలుసు. ఆ గొంతు నటన కాదని నాకు తెలుసు. బ్యాగులో నా చెయ్యి తాళంచెవి మీదే ఉంది. తీస్తే మీ ఇంటికే వస్తాడు సార్, మీ ఇష్టం అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. డైరెక్టర్ బొటనవేలు పైకెత్తి చూపించాడు.

మేడ మీదికి తీసుకెళ్ళి జడ్జి కథ చెప్పాను. కిందికి దింపి టైపిస్టు కథ చెప్పాను. ఒక్క మాట తడబడలేదు. అందరినీ గేటు దాకా సాగనంపి అప్పుడొచ్చి తాళం తీశాను. గడప దగ్గరే పడున్నారు. జిగురు గిన్నె ఒలికి, చొక్కా నేలకి అంటుకుపోయింది.

తలుపు కొట్టనే లేదా అని మా ఆయన అడిగాడు. ఎవరూ కొట్టలేదు అన్నాను.

మార్చి 17

తెల్లవారుజామున పోయారు. పోయేదాకా ఎవరితోనూ మాటాడలేదు.

మార్చి 29

మా ఆయనకి సీసా దొరికింది. తెచ్చి నా అద్దం ముందు పెట్టాడు. ఇంకా అక్కడే ఉంది. నేను తియ్యలేదు, ఆయనా తియ్యలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

పర్మనెంట్ ఆర్డరు వచ్చింది. ఇప్పుడు కథకి బలం కూడా వచ్చింది, వాక్ ఆపొద్దు అన్నాడు డైరెక్టర్.

ఇవాళ తాళం వెయ్యలేదు. కథంతా చెప్పి ఊరుకున్నాను. అందరూ తలుపు వైపు చూశారు. నేనూ చూశాను.

ఎవరూ కొట్టలేదు.

కొడితే తీసేదాన్ని. ఇంటికి తీసుకెళ్ళేదాన్ని.