చోటు మారిన వేలు

1963 నవంబరు 20, మద్రాసు

ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు పీతల్లా పక్కకు నడుస్తున్నాయి. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

మా ఊరు కోట నుంచి నెల్లూరుకు మీటింగుకి వెళ్తుంటే బస్సు కాలవలోకి ఒరిగిపోయింది. కిటికీ పట్టుకున్న నా కుడిచెయ్యి చట్రం కింద నలిగింది. నెల్లూరులో కట్టు కట్టి ఇక్కడికి పంపారు. బొటనవేలు లేదు. అరచేతి మీద చర్మం లేదు. మిగతా నాలుగు వేళ్లూ ఉన్నాయి.

నేను మిడ్‌వైఫ్‌ని. కడుపులో బిడ్డ తల ఎటు తిరిగిందో ఈ చేత్తోనే చూసేదాన్ని.

నవంబరు 25

ఆపరేషన్ అయింది. పొట్ట మీద చర్మం కొంత లేపి, చేతిని దానికి కుట్టేశారు. రెండూ అతుక్కునేదాకా ఇలాగే ఉండాలట. చెయ్యి కదిపితే పొట్ట లాగుతుంది. దగ్గితే చెయ్యి లాగుతుంది. మా అక్క మగ్దలీనమ్మ అన్నం కలిపి పెడుతోంది, తల దువ్వుతోంది. నిద్రలో చెయ్యి లాక్కుంటానేమోనని పక్కనే కూర్చుంటోంది.

నవంబరు 29

వాసన వస్తోంది. మామూలేనంది సిస్టర్. నేనూ పేషెంట్లకి అలాగే చెప్పేదాన్ని.

డిసెంబరు 2

అతికించిన చర్మం అంచు నల్లబడింది. ఆ మేరకు కోసేశారు. మిగిలింది బతుకుతుందట.

డిసెంబరు 17

చేతిని పొట్ట నుంచి విడదీశారు. ఇప్పుడు నా అరచేతిలో నా పొట్ట ఉంది. మెత్తగా, ఉబ్బుగా. గిల్లినా తెలియడం లేదు.

1964 మార్చి 9

మళ్లీ మద్రాసు. బొటనవేలు లేనిదే పట్టు రాదన్నారు సర్జన్ గారు. చూపుడువేలిని, నరాలూ రక్తనాళాలూ తెగకుండా, బొటనవేలి చోటికి జరుపుతారట. ఫెయిలైతే అని అడిగాను. ఆ వేలు కూడా పోతుందన్నారు. దాచకుండా చెప్పారు. ఆయన మీద నమ్మకం కుదిరింది. భయమూ పెరిగింది.

మార్చి 10

మావారు యెహోషువ కోట నుంచి వచ్చారు. స్కూలుకి సెలవు పెట్టి వచ్చారు.

"ఉండే మంచి వేలు కోయించుకుంటావా? ఇంట్లో కూచో. నిన్ను నేను సాకలేనా?" అన్నారు. అది కోపం కాదు. భయం.

"సాకుతారు. నేనేం చెయ్యాల ఇంట్లో కూచోని?" అన్నాను.

బస్సు పడిన రోజు నుంచీ ఆయన నా కుడిచేతిని చూడలేదు. మాట్లాడినంతసేపూ కిటికీనే చూశారు.

మార్చి 11

ఒప్పుకున్నాను. నా అంతట నేనే.

మార్చి 24

కట్టు విప్పారు. వేలు గులాబీరంగులో ఉంది. బతికింది!

మావారు చూశారు. వెళ్లి కాఫీ తెచ్చారు. గ్లాసు నా ఎడమచేతికి ఇవ్వబోయి, ఆగి, బల్ల మీద పెట్టారు.

జులై 6, కోట

డ్యూటీలో చేరాను. పురుళ్లు మాత్రం నాకు ఇవ్వడం లేదు. మాత్రలు పంచడమే పని. నా చెయ్యి చూసి ఆడవాళ్లు జడుసుకుంటున్నారని డాక్టరమ్మ చెప్పింది. మెల్లగానే చెప్పింది.

చేతికి పట్టు రావాలని ఇంట్లో మైనం పిసుకుతున్నాను. బియ్యపు గింజలు ఏరుతున్నాను. కళ్లు మూసుకుంటే గింజ జారిపోతోంది.

సెప్టెంబరు 14

మధ్యాహ్నం పట్టపుపాలెం నుంచి పిచ్చమ్మను మంచం మీద మోసుకొచ్చారు. నొప్పులు ఎక్కువగా ఉన్నాయి. డాక్టరమ్మ నెల్లూరు వెళ్లింది. పిచ్చమ్మ అత్త గురవమ్మ నా చెయ్యి చూసి మంచానికి అడ్డం నిలబడింది.

"ఆ చేత్తో నా కోడల్ని తాకబాకమ్మా. ఏమన్నా అయితే ఎవురు జవాబు?"

"ఈ పూట ఇంకో చెయ్యి లేదవ్వా," అన్నాను.

మంచం మీద నుంచి పిచ్చమ్మ అరిచింది: "అత్తా, ఆయమ్మని రానీ!"

ఎడమచేత్తో చూశాను. తల కాదు, పిర్రలు ముందుగా వస్తున్నాయి. ఒళ్లంతా వచ్చింది, తల ఆగిపోయింది. ఇక రెండు చేతులూ కావాలి. ఎడమచేత్తో తల వంచి, కుడిచేత్తో బిడ్డ భుజాలు పట్టాను. జారుతుందేమోనని చచ్చేంత భయం. జారలేదు, తల బయటికొచ్చింది.

ఆడపిల్ల. మొదట ఏడవలేదు. నోరు తుడిచి, వీపు రుద్దాను. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

గురవమ్మ చెంబు తెచ్చి నా రెండు చేతుల మీదా నీళ్లు పోసింది.

సెప్టెంబరు 15

నిన్న నొప్పుల్లో పిచ్చమ్మ నా కొత్త బొటనవేలు పట్టుకుని పిండేసింది. ఇవాళ వాచింది. కానీ నొప్పి పాత చోటే, చూపుడువేలు ఉండిన చోట. ఎక్కడ నొప్పి అని మావారు అడిగారు. ఆ ఖాళీ చూపించాను.

ఆయన అక్కడే ఊదారు.