నా పేరున ఎవరిదో బండి

అంబత్తూరు,
బుధవారం మధ్యాహ్నం

అక్కకి,

నీ చెల్లెలు పైడితల్లి రెండు చేతులా దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ మరిదీ, పాపా ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, బావా, భవ్యా ఎలా ఉన్నారు? మీ అత్తగారి మోకాలి నొప్పి ఏమైనా తగ్గిందా? వరి కుప్పలు వేసేశారా, ఇంకా కోతలే సాగుతున్నాయా? రాజాంలో ధాన్యం ధర ఈ ఏడు బాగుందని ఎవరో అంటే విన్నాను. నిజమైతే సంతోషం.

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. చేతిలో ఫోనుండగా ఇదేమిటని అనుకుంటావు కదా. ఫోనైతే నువ్వు స్పీకరు పెట్టి పొయ్యి గట్టు మీద ఉంచుతావు, నేను చెప్పేది వీధిలో పోయేవాళ్లంతా వింటారు. పైగా ఈ సంగతి నోటితో మొదలుపెడితే మధ్యలో ఏడుపొచ్చి ఆగిపోతాను. కాగితమైతే ఆగినా మళ్లీ అందుకోవచ్చు. ముందే చెబుతున్నాను, కథ మంచిగానే ముగిసింది. కాబట్టి చివరిదాకా చదువు.

ఇక్కడ ఒకటే వానలు. మనకి వానలు వెనక్కి తగ్గాక వీళ్లకి మొదలవుతాయి. పోయిన వారం మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. మీ మరిది ప్యాంటు పైకి మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని వర్క్‌షాపుకి వెళ్లాడు. నేను కుట్టు మిషను కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాను. ఇంట్లోకి నీళ్లు రాలేదులే, భయపడకు. పని బాగానే వస్తోంది. అరవం జాకెట్ కొలతల వరకు వచ్చేసింది, తగువు పెట్టుకునేంత ఇంకా రాలేదు. తిండికి లోటు లేదు. కానీ ఇక్కడ రాగిపిండి అని అమ్మే చోడిపిండి కొంటే ఏదో మందులా ఉంటుంది, మన అంబలి రుచి రాదు. ఎవరైనా ఇటు వస్తుంటే రెండు కేజీలు ఇచ్చి పంపు. మధ్యాహ్నం పాప బడికి పోయాక ఇంట్లో మిషను చప్పుడొక్కటే ఉంటుంది. అప్పుడు నీతో మాట్లాడాలనిపించేది. ఫోను తీసేదాన్ని, మళ్లీ పెట్టేసేదాన్ని. ఎందుకో చెబుతాను.

ఆషాఢంలో బట్టల అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను కొందామనుకున్నాను. బ్యాంకులో లోను కావాలంటే స్కోరు బాగుండాలని పక్కింటావిడ చెప్పింది. స్కోరంటే, మనం తీసుకున్న అప్పులు వేళకి కడుతున్నామో లేదో చూసి వేసే మార్కులు. ఆ మార్కుల్ని రోజూ కాపలా కాసి, ఏదైనా మారితే వెంటనే చెప్పే యాప్ ఒకటి ఫోన్లో పెట్టుకున్నాను. మొదటి నెల ఉచితమన్నారు. తర్వాత నెలనెలా వాళ్లే నా ఖాతాలోంచి డబ్బు కోసుకునేవారు.

రెండో నెలలో ఒక ఉదయం, పాపకి జడ వేస్తుంటే ఫోను మోగింది. మీ పేరున కొత్త లోను నమోదైంది, టూ వీలర్, అని ఉంది. నేను ఏ బండీ కొనలేదు. మీ మరిదీ కొనలేదు. ఎవరిచ్చారు, ఎక్కడిచ్చారు అని నొక్కితే, ఆ వివరాలు కావాలంటే ఇంకా పెద్ద ప్లాను తీసుకోమంది.

దానికి సరిగ్గా మూడు రోజుల ముందు నువ్వు వాట్సాప్‌లో ఫోటో పంపావు. బావ కొత్త బండి. హెడ్‌లైటుకి పసుపు, కుంకుమ, చక్రం కింద నిమ్మకాయ, పక్కన నిలబడి నవ్వుతూ బావ. పోయినేడు రేషన్ కార్డులో నా పేరు తీయించడానికి ఆధార్, పాన్ జిరాక్సులు బావ దగ్గరే ఉంచి వచ్చాను, గుర్తుందా?

అక్కా, ఈ మాట రాయడానికే ఇంతసేపు వానలూ అంబలీ చెప్పుకొచ్చాను. నేను బావని అనుమానించాను.

మీ మరిదికి చెబితే కోప్పడ్డాడు. "బావ అలాటోడు కాదే. అనుమానం ఉంటే ఫోన్ సేసి అడిగీ. లోపల పెట్టుకుంటే నువ్వే పాడైపోతావు" అన్నాడు.

"అడిగితే అక్క కాపురంలో గొడవొస్తాది. నానేటీ అడగను" అన్నాను.

అడగకుండా ఉండటమే మంచితనమని అనుకున్నాను. కానీ మనసు ఊరుకోదు కదా. బావ ఫోన్ చేస్తే పనిలో ఉన్నానని పెట్టేశాను. నీతో రెండు ముక్కలు మాట్లాడి, కుక్కరు కూసిందని వదిలించుకున్నాను. భవ్య ఓణీల ఫంక్షన్‌కి మీ మరిదికి జ్వరం అని చెప్పాను చూడు, అది అబద్ధం. ఆయనకి తుమ్ము కూడా లేదు. పిల్లకి నా చేత్తో కుట్టిన జాకెట్‌ని పార్శిల్‌లో పంపి, ఆ రోజు నేనిక్కడ వేరేవాళ్ల జాకెట్లు కుట్టుకుంటూ కూర్చున్నాను. నువ్వు పంపిన వీడియోలో భవ్య "పిన్నీ, సూడు" అని గిర్రున తిరిగింది. దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

ఇక ఆ యాప్ సంగతి. రోజూ ఏదో ఒకటి చెప్పేది. మీ స్కోరు మారింది, వెంటనే చూడండి. తీరా చూస్తే రెండు మార్కులు పెరిగేవి, మర్నాడు మూడు తగ్గేవి. లేవగానే అదే, పడుకునే ముందు అదే. ఒక రోజు పప్పు మాడ్చేశాను. మీ మరిది నవ్వుతూనే, "ఏటే, డాక్టరు నాడి సూసినట్టు పూటపూటా సూసుకుంటన్నావు. నీకేటి రోగం?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అది మోగిన ప్రతిసారీ ఈసారి బావ ఏం చేశాడో అని వెంటనే తెరిచి చూసేదాన్ని.

దసరాలు పోయాక ధైర్యం చేసి బ్యాంకుకి వెళ్లాను. లోను చూసే ఆఫీసరు ఒక నడివయసు ఆవిడ, వచ్చీరాని తెలుగు మాట్లాడుతుంది. దరఖాస్తు చూసి, "నీకు బండి లోను ఉంది కదమ్మా, ఇందులో రాయలేదేం?" అని అడిగింది. అక్కడే కళ్లనీళ్లు పెట్టేసుకున్నాను. నాది కాదు మేడం, ఇంట్లోవాళ్లే నా కాగితాలతో తీసుకున్నట్టున్నారు అని చెప్పేశాను.

ఆవిడ ఒక్క ప్రశ్న వేసింది. "పూర్తి రిపోర్టు చూశావా, యాప్‌లో ముక్కలు చూసి చెబుతున్నావా?"

చూడలేదన్నాను. ఈ మార్కులు వేసే కంపెనీలు నాలుగున్నాయట. ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు మనకి ఉచితంగానే ఇవ్వాలట. మధ్యలో యాప్‌వాడు ఎందుకు అంది. నా ఫోన్లోనే వాటిలో ఒకదాని వెబ్‌సైట్ తీయించి, రిపోర్టు దింపించి, వేలు పెట్టి చూపించింది. పేరు పైడితల్లి. ఇంటిపేరు మనదే. తండ్రి పేరు అప్పలనాయుడు, మన నాన్న పేరే. కానీ పుట్టిన తేదీ నాది కాదు. ఫోన్ నంబరు నాది కాదు, బావదీ కాదు. చిరునామా విజయనగరం దగ్గర సముద్రపొడ్డు ఊరు, మనకి ఆ ఊళ్లో చుట్టాలెవరూ లేరు.

"ఇది దొంగతనంలా లేదు. పాన్ నంబరు కొట్టేటప్పుడు ఒక అంకె తప్పు పడి ఉంటుంది. పేరూ తండ్రి పేరూ కలిసేసరికి కంప్యూటర్ నీ నెత్తిన వేసింది" అంది ఆఫీసరు.

అక్కా, అప్పుడు నాకు కలిగింది సంతోషమో సిగ్గో తెలియలేదు. బయటికొచ్చి బస్టాపులో కూర్చుని రెండు బస్సులు వదిలేశాను.

ఆవిడ చెప్పినట్టే, ఈ లోను నాది కాదని ఆ కంపెనీకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. అప్పిచ్చిన ఫైనాన్స్ ఆఫీసుకీ ఫోన్ చేశాను. ఎదుటివాళ్ల వివరాలు మేం చెప్పకూడదన్నారు, అది న్యాయమే. నా నంబరు ఆ పైడితల్లికి ఇవ్వండి, ఇష్టముంటే తనే చేస్తుంది అన్నాను. ఆ సాయంత్రమే ఫోనొచ్చింది.

"ఎవరమ్మా, పైడితల్లేనా?"

"అవును, మీరెవరు?"

"నానూ పైడితల్లినే!" అని పెద్దగా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "నా బండి నీ పేరునెక్కిందని ఆఫీసోళ్లు సెప్పినారు. భయపడిపోనావేటమ్మా? నానేటీ మోసం సెయ్యనేదు. స్కూటీ కొనుక్కున్నాను, సేపలు ఊర్లంట తిప్పి అమ్ముకుంటాను. ఒక్క వాయిదా తప్పనేదు, ఒట్టు" అంది.

అది నిజమే. రిపోర్టులో అన్నీ వేళకి కట్టినట్టే ఉంది. రెండు మార్కులు అప్పుడప్పుడూ పెరిగేవన్నాను చూడు, అదీ ఆవిడ పుణ్యమేనేమో. ఇంతకు ముందు చేపల గంప నెత్తిన పెట్టుకుని నడిచేదట, మెడ పట్టేసి ఇక మొయ్యలేనని బండి నేర్చుకుందట, నలభై దాటాక. మొదటి రోజే కాలువలో పడిందట. నేనిన్ని నెలలు ఏడ్చిన బండి మీద ఆవిడ ఇలా బతుకుతోంది. ఆవిడ కూడా తన పాన్ కాగితం పట్టుకుని ఆఫీసుకెళ్లి సరిచేయించింది. నెల తిరక్కుండా నా రిపోర్టులోంచి ఆ లోను పోయింది. పోయిన సోమవారం నా మిషను లోను కూడా మంజూరైంది.

ఆ మర్నాడే యాప్ ఖాతా మూసేద్దామని కూర్చున్నాను. ఫోన్లోంచి తీసేస్తే సరిపోతుందని మీ మరిది అన్నాడు. పక్కింటావిడ అలాగే తీసేస్తే డబ్బు మాత్రం నెలనెలా పోతూనే ఉందట. అందుకని ముందు లోపలికి వెళ్లి ప్లాను ఆపాలి. ఆ ఆపే బటన్ ఎక్కడ దాచారో వెతకడానికి అరగంట పట్టింది. ఇంతలో వాళ్ల కస్టమర్ కేర్ అమ్మాయి ఫోన్ చేసి, "మేడం, ఇప్పుడు మానేస్తే మీ పేరున ఎవరు ఏం తీసుకున్నా మీకు తెలీదు. సగం ధరకి ఇస్తాం" అంది.

ఒక్క క్షణం ఆగాను, అబద్ధమెందుకు. ఆ యాప్ లేకపోతే ఈ తప్పు నాకు తెలిసేదే కాదు కదా, సగం ధరకి ఉంచుకుంటే ఏం పోయింది అనిపించింది. బ్యాంకు యాప్‌లో స్కోరు ఉచితంగా చూపిస్తారు, అదైనా చాలేమో అనుకున్నాను. కానీ అది తెరిస్తే చాలు, ఈ లోను తీసుకో, ఆ కార్డు తీసుకో అని వెంటపడుతుంది. మీ మరిది మాటేమో, అసలు ఏదీ చూడకు, ఉన్నదేదో ఉంటాది అని. అదీ నాకు నచ్చలేదు. కళ్లు మూసుకుంటే మళ్లీ అనుమానాలే పుడతాయి. చివరికి ఆ ఆఫీసరమ్మ చెప్పినదే మేలనిపించింది. నాలుగు కంపెనీలున్నాయి కాబట్టి మూడు నెలలకోసారి ఒక్కోదాని రిపోర్టు ఉచితంగా దింపి, మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదువుకుంటాను. మధ్యలో ఏదైనా జరిగితే కొంచెం ఆలస్యంగా తెలుస్తుంది. తెలిస్తే ఏం చేయాలో ఇప్పుడు తెలుసు కదా.

ఆ అమ్మాయికి వద్దమ్మా అని మెల్లగానే చెప్పాను, పాపం దాని ఉద్యోగం అది. ప్లాను ఆపి, ఖాతాలోంచి డబ్బు కోసుకునే అనుమతి కూడా తీసేసి, నా వివరాలు చెరిపేయమని మెయిల్ పెట్టాను. ఖాతా మూసేశామని వాళ్ల జవాబొచ్చాకే ఫోన్లోంచి యాప్ తీసేశాను. ఆ రాత్రి పడుకుంటే మళ్లీ తెల్లారేదాకా మెలకువ రాలేదు. నువ్వూ జిరాక్సు ఎవరికిచ్చినా, ఎందుకిస్తున్నావో దాని మీద రాసి సంతకం పెట్టి ఇవ్వు. భవ్యకి కూడా నేర్పు.

ఇంకొక్క మాట ఉంది. నిన్న బావ ఎరువుల కొట్లో ఉండే వేళ చూసి ఫోన్ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పి, తప్పయిపోయింది బావా అన్నాను.

"ఓసి పిచ్చిదానా, ఒక్క మాట అడిగితే బండి కాయితాలు ఫొటో తీసి పంపేవోణ్ణి కదే. గేదెనమ్మి కొన్నాను" అన్నాడు. తర్వాత, "నాను నిన్నేదో అనరాని మాట అన్నానేమో అనుకున్నాను. అన్నాళ్లూ ఏటన్నానా ఏటన్నానా అని అదే ఆలోసన" అన్నాడు.

నేను ఆయన్ని దొంగ అనుకుంటుంటే, ఆయన తన తప్పేమిటా అని వెతుక్కుంటున్నాడక్కా.

ఫోను పెట్టేసే ముందు, "ఈ సంగతి మీ అక్కకి సెప్పకు. బాధపడతాది. మనలో మనకే ఉండిపోనీ" అన్నాడు. సరే బావా అన్నాను. కానీ నీ భర్తని అనుమానించి, ఆ మాట నీ దగ్గర దాచి, నీ ఇంటికొచ్చి నీ చేతి అన్నం తినలేను. అందుకే రాశాను. ఆయనకిచ్చిన మాట తప్పాను, ఆ తిట్లేవో ఆయన దగ్గర నేనే తింటాను.

పాప పరీక్షలవగానే పది రోజులుండేలా వస్తున్నాం. మీ అత్తగారికి నా దండాలు చెప్పు. భవ్యకి ముద్దులు. నీకు కోపం వస్తే ఫోన్ చేసి తిట్టు, స్పీకరు పెట్టి మరీ తిట్టు, వీధంతా విననీ. మాట్లాడకుండా మాత్రం ఉండకక్కా. అది ఎంత కష్టమో నాకు తెలుసు.

నీ దీవెన కోరే
నీ చెల్లెలు
పైడితల్లి